బోర్డుకు మూడు పొరలు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నాచారంలో మా సందు మొత్తానికీ తెలుసు. బడిలో సోషల్ చెప్పే గొంతు కాబట్టి, నేను మొదటి అంతస్తులో తిట్టడం మొదలుపెడితే నాలుగో అంతస్తు వాళ్లు టీవీ సౌండ్ తగ్గించుకుని వింటారు. పాలప్యాకెట్ చిరిగితే పాలతన్ని, నీళ్ల ట్యాంకర్ రాకపోతే అపార్ట్‌మెంట్ సెక్రటరీని, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర చిల్లర లేదనే ఆటోవాళ్లను, ఎవరినీ వదిలిపెట్టను. పది నిమిషాలయ్యాక అదంతా మర్చిపోయి వాళ్లకే చాయ్ పోస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అత్త నా పెళ్లైనప్పటి నుంచి చెప్తూనే ఉంది. ఊరు బాగానే ఉంది, నా నోరే మారలేదు.

అలాంటి నేను మూడేళ్లపాటు ఒక మనిషిని ఒక విషయంలో ఒక్క మాట అనలేకపోయాను. ఆ మనిషి మా ఆయన. నాకు మేనబావే. చిన్నప్పటి నుంచి "బావా" అని పిలిచి, పెళ్లయ్యాక కూడా అదే పిలుపు.

బావ మల్లాపూర్‌లో చిన్న షెడ్డు నడుపుతాడు. ఫైబర్ పని. నీళ్ల ట్యాంకులు, కూలర్ డబ్బాలు, పిల్లల పార్కుల్లోకి జారుడుబల్లలు చేస్తారు. మూడేళ్ల కిందట ఒక వాన సాయంత్రం నన్ను స్కూటీ మీద బడి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాడు. షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. ఏదో ట్యాంకు మూత సరిపోలేదట. బండి ఆపకుండా ఫోన్‌ను హెల్మెట్‌లోకి, చెంపకూ చెవికీ మధ్య దూర్చాడు. మాట్లాడుతున్నకొద్దీ అది కిందికి జారుతోంది, ఈయన ఒక చేత్తో పైకి తోస్తున్నాడు. ఆపమని రెండుసార్లు చెప్పాను. ఆగుతా ఆగుతా అంటూనే మలుపు తిరిగాడు. అక్కడ రోడ్డు మీద తడిసిన ఇసుక ఉంది. బావకు మోచేయి గీరుకుపోయింది. నా కుడి మోకాలిచిప్ప మూడు ముక్కలైంది.

దవాఖానాలో వైర్లు వేసి కట్టారు. ఆరు నెలలు మంచం, ఆ తర్వాత ఫిజియోథెరపీ. మోకాలు సగం దాకా వంగి అక్కడే ఆగిపోయింది. ఎంత కసరత్తు చేసినా ఇంతకంటే వంగదని డాక్టర్ చేతులెత్తేశాడు. అప్పటి నుంచి నేను కింద కూర్చుని అన్నం తినలేను, దేవుడి ముందు మోకాళ్లు వేయలేను, పాతకాలం బాత్రూములున్న చుట్టాలిళ్లకు పోలేను.

ఆపరేషన్ అయిన మర్నాడు కళ్లు తెరిచేసరికి బావ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. తిడదామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి మూసేశాను. ఆ ముఖంలో ఇంకో మాట పట్టేంత చోటు లేదు. తర్వాత తిడదాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ వీలు పడలేదు. కోపానికీ వేళ ఉంటుంది, ఆ వేళ దాటితే అది మింగలేక కక్కలేక గొంతులోనే ఉండిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

బావ మారిపోయాడు. నేను కుర్చీలోంచి లేస్తే మోచేయి కింద చెయ్యి. మెట్లు దిగితే చెయ్యి. కూరగాయల మార్కెట్లో నేను వంకాయలు ఏరుకుంటుంటే కూడా చెయ్యి అక్కడే. నేనూ మారిపోయాను. ఆయన నీళ్లందిస్తే థాంక్స్ అనడం మొదలుపెట్టాను. బావామరదళ్ల మధ్య థాంక్సులేమిటి, ఛీ! మా ఇల్లు బ్యాంకు కౌంటరు లాగా తయారైంది, అంతా మర్యాదే. ఆ ఒక్క తిట్టు బయటపడితే తప్ప మేమిద్దరం మళ్లీ మామూలు మనుషులం కాలేమని నాకు తెలుసు. ఎట్లా బయటపడాలో మాత్రం తెలియలేదు.

యాక్సిడెంట్ అయిన ఏడాదిన్నరకు మా టీచర్లమంతా కలిసి విశాఖపట్నం టూరు వెళ్లాం. రుషికొండ ఒడ్డున అలల మీద బోర్డులు నడపడం నేర్పే పాక ఒకటి ఉంది. నేర్పే ఆయన జాలర్ల కుటుంబంలోంచి వచ్చినవాడు, నా వయసే ఉంటుంది. నేను ఆయన్ని మాస్టారు అంటే ఆయన నన్ను టీచర్ గారు అన్నాడు. మిగతా టీచర్లు ఫొటోలు దిగుతుంటే నేను పోయి నాకూ నేర్పుతారా అని అడిగాను. ఆయన నా నడక చూశాడు. మామూలు బోర్డు మీద బోర్లా పడుకుని, అల వచ్చినప్పుడు ఒక్క ఊపులో కాళ్ల మీదికి లేవాలట. ఆ మోకాలుతో కుదరదని మొహమాటం లేకుండా చెప్పేశాడు. నాకు ఆ మాట నచ్చింది. ఏడాదిన్నరగా అందరూ నాతో మెత్తమెత్తగానే మాట్లాడుతున్నారు.

"కానండీ టీచర్ గారూ, ముందే నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే బోర్డు ఒకటుందండి. దాని మీద లేవక్కర్లేదు, పడిపోకుండా ఉంటే చాలు" అన్నాడు.

పడిపోవడం గురించి నాకేం బెంగ లేదు. జనగామ దగ్గర మా ఊళ్లో నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నదాన్ని. బావ కంటే ముందు గట్టు మీంచి దూకింది కూడా నేనే. నడుము లోతు నీళ్లలో మాస్టారు బోర్డు పట్టుకున్నాడు. బోర్డు మధ్యలో కూర్చుని, కుడికాలు చాపి, తెడ్డు అడ్డంగా పెట్టుకుని, ఎడమకాలు మీద బరువంతా వేసి లేవాలి. మూడోసారికి లేచాను. అయిదు గజాలు పోయానో లేదో దబ్బున పడ్డాను. నీళ్లలోంచి తల పైకి తీసి చూస్తే ఎవరూ పరుగెత్తుకు రావడం లేదు. మాస్టారు ఇంకెవరికో తెడ్డు ఎట్లా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. ఓయమ్మ, నాకు ఎంత హాయి అనిపించిందో! పడ్డా ఏమీ కాలేదు, పైగా ఎవరూ చూడలేదు. తలలోకి పోయిన ఉప్పునీళ్లు ముక్కులోంచి కారుతుంటే ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అప్పటి నుంచి రెండు మూడు నెలలకోసారి చర్లపల్లిలో రైలెక్కి వెళ్లడం మొదలుపెట్టాం. "పెట్టాం" అన్నానంటే బావ లేకుండా ఎట్లా? ఇసుకలో తువ్వాలు పరుచుకుని, ఫ్లాస్కు, మోకాలి పట్టీ, నొప్పుల స్ప్రే ముందర పేర్చుకుని కూర్చునేవాడు. నేను ఊగితే నిలబడేవాడు, పడితే నీళ్ల అంచు దాకా వచ్చేవాడు. ఆయన అట్లా చూస్తుంటే నేను ఇంకా ఎక్కువ పడేదాన్ని. అయినా ఏడాది తిరిగేసరికి, విరిగిన అల నురగ వెనకనుంచి తోస్తే ఒడ్డు దాకా నిలబడే రావడం వచ్చింది.

అప్పుడే సొంత బోర్డు మాట వచ్చింది. పాకలో అద్దెకిచ్చేవి బాగా వెడల్పైనవి, ముప్పై నాలుగు అంగుళాలు. మంచం మీద నిలబడ్డట్టే ఉంటుంది. పడరు, కానీ విరగని పచ్చి అల వస్తే అది ఎక్కదు, తిరగమంటే తిరగదు. ఒకరోజు అలలు మోకాలి ఎత్తు, నడుము ఎత్తు అంతే ఉన్నాయి. మాస్టారు తన సొంత బోర్డు ఇచ్చాడు. పొడవు పదడుగులకు రెండంగుళాలు తక్కువ. వెడల్పు ఇరవై తొమ్మిదిన్నర. ముక్కు గుండ్రంగా, తోక సన్నగా, అంచులు పలచగా ఉన్నాయి. కింద మధ్యలో ఒక పెద్ద రెక్క, పక్కన చిన్నవి రెండు. దీన్ని లాంగ్‌బోర్డు తరహా అంటారట. రుషికొండలో చలికాలమంతా వచ్చే చిన్న కెరటాలకు ఇంతకు మించింది లేదన్నాడు. పొడవు వల్ల చిన్న కెరటాన్ని కూడా ముందుగానే అందుకుంటుంది, పలచటి అంచు నీటిని పట్టుకుంటుంది, అక్కడి నుంచి అదే జారుతుంది.

ఎక్కాను. ఆగి ఉన్నప్పుడు నా కాళ్లు వణికిపోయాయి. సైకిల్ కూడా ఆపితే పడుతుంది కదా, తొక్కితేనే నిలబడుతుంది, ఇదీ అంతే. చిన్న అల ఒకటి వెనక నుంచి లేపింది. తెడ్డు రెండుసార్లు వేశాను. వణుకు ఆగిపోయింది. బోర్డు చప్పుడు లేకుండా జారింది, నాలుగు క్షణాలో అయిదు క్షణాలో. ఒడ్డుకొచ్చి ఇదే కావాలి అన్నాను.

బావ వద్దన్నాడు. అంటే వద్దని అనలేదు, ఆయన మర్యాద ఆయనది. ఆలోచిద్దాం అన్నాడు.

ఇంటికొచ్చాక ఆలోచన మొదలైంది. ఈ బోర్డులను లీటర్లలో కొలుస్తారు, ఎన్ని లీటర్లైతే అంత తేలుతుంది. లీటర్లనే మాట వినగానే బావ ముఖం వెలిగింది. ట్యాంకులు చేసే మనిషికి అంతకంటే ఏం కావాలి? నా బరువు అరవై ఎనిమిది కిలోలు. దానికి రెట్టింపు, నూట నలభై లీటర్లుంటే నాకు సరిపోతుందని మాస్టారు చెప్పాడు. బావ రెండు వందల యాభై అన్నాడు. ఆయన ధోరణే అంత. వెయ్యి లీటర్లది అడిగినవాళ్లకు ఎండాకాలం గుర్తుచేసి పదిహేను వందలది అంటగడతాడు. మధ్యలో గాలి కొట్టుకునే బోర్డు మాట కూడా వచ్చింది. మడిచి సంచిలో పెట్టి రైల్లో తీసుకుపోవచ్చు, మా రెండు గదుల ఫ్లాటులో బీరువా పైన పడుంటుంది. మాస్టారికి ఫోన్ చేస్తే, అది చెరువుకు బాగుంటుంది గానీ దాని అంచు లావు, కెరటం మీద నిలవదన్నాడు. నాకు చెరువు వద్దు.

ఒక ఆదివారం బడి నుంచి తెచ్చిన చాక్‌పీసుతో హాల్లో గచ్చు మీద రెండు బోర్డుల బొమ్మలు గీశాను, ఒకటి ముప్పై నాలుగు అంగుళాలు, ఒకటి ఇరవై తొమ్మిదిన్నర. సన్నదాంట్లో నిలబడి బావను పిలిచాను. ఆయన టేపు తెచ్చి రెండింటినీ మళ్లీ కొలిచాడు. నా కొలత మీద నమ్మకం లేదు మహానుభావుడికి.

"గీ నాలుగించులు ఎక్కువుంటే నీదేం పోతది?" అన్నాడు.

"జారుడు పోతది" అన్నాను.

"జారితే పడ్తవ్."

"పడ్త. అయితే ఏంది?"

ఆయన తడిగుడ్డ తెచ్చి, నా కాలు జారుతుందని కాబోలు, చాక్‌పీసు గీతలన్నీ తుడిచేశాడు. అప్పుడైనా తిట్టాల్సింది. నోటిదాకా వచ్చింది, గచ్చు బాగా తుడిచారని చెప్పి వంటింట్లోకి పోయాను. "తుడిచారు" అన్నాను చూడండి, బావను పట్టుకుని "గారు" అనడం ఒక్కటే తక్కువ.

చివరికి నా మాటే నెగ్గింది, లేదా నెగ్గిందనుకున్నాను. పుదుచ్చేరిలో ఒకాయన ఊరు మారుతూ తన లాంగ్‌బోర్డు తరహా బోర్డు అమ్మేస్తున్నాడని మాస్టారు చెప్పాడు. కొలతలన్నీ నాకు కావాల్సినవే. ముక్కు దగ్గర చిన్న పగులు ఉంది. నేను తిన్నగా రుషికొండకే పంపించమన్నాను. ఫైబర్ పని చేసేవాణ్ని ఇంట్లో పెట్టుకుని పగులుకు బయటివాళ్ల దగ్గరికి పోతామా అన్నాడు బావ. ఆ మాట న్యాయమే. బోర్డు పాత దుప్పట్లలో చుట్టుకుని లారీలో ఉప్పల్ వచ్చింది, అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో మల్లాపూర్ షెడ్డుకు చేరింది.

ఆ రోజే పోయి చూశాను. తెల్లగా, పదకొండు కిలోల బరువుతో ఉంది. మధ్యలో చెయ్యి పట్టే గుంట ఉంది, అందులో వేళ్లు పెడితే ఒక్క చేత్తో చంకలోకి వచ్చింది. పగులు నా బొటనవేలంత. రెండు రోజుల పని. బావ దాన్ని వేళ్లతో తట్టి చూస్తున్నాడు. ఆయనకిది అలవాటు. ట్యాంకు బయటికి పోయే ముందు పిడికిలితో చుట్టూ కొట్టి చప్పుడు వింటాడు. ఎక్కడైనా చప్పుడు తేడాగా అనిపిస్తే గాజునార పరిచి, రెజిన్ జిగురు పూసి, ఇంకో పొర వేయిస్తాడు. అనుమానముంటే ఇంకో పొర, అదే ఆ షెడ్డులో శాసనం. దమ్మాయిగూడ, నాగారం కాలనీల్లో మిద్దెల మీదున్న ఆయన ట్యాంకు ఒక్కటి కూడా పగిలిందని వెనక్కి రాలేదు.

రెండు రోజులన్నది రెండు వారాలైంది. అడిగితే రెజిన్ ఆరాలంటాడు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉండి పట్టించుకోలేదు. మూడో ఆదివారం పోయాను.

షెడ్డు మధ్యలో నీలం రంగు వస్తువు ఒకటి స్టాండ్ల మీద పడుకుని ఉంది. ట్యాంకులకు వేసే నీలం. మొదట గుర్తుపట్టలేదు. కింద రెక్కలు చూసి గుర్తుపట్టాను. పగులు ఒక్కటే మాన్పలేదు మా బావ. అడుగంతా మూడు పొరలు వేశాడు. రెండు వైపులా థర్మాకోల్ అతికించి వెడల్పు పెంచి, ఆ పలచటి అంచులను ట్యాంకు పెదవిలాగా లావుగా, గుండ్రంగా కట్టాడు. ట్యాంకులకు వాడే రెజిన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుందని దీనికోసం వేరే రెజిన్ తెప్పించాడట. పని మాత్రం కడిగిన ముత్యమే. ఎక్కడా చిన్న బుడగ కూడా లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకున్నాడు, అదీ అంత నైపుణ్యంగా.

గుంటలో వేళ్లు పెట్టి లేపబోయాను. కదల్లేదు. రెండు చేతులు వేస్తే ఒక చివర లేచింది.

"దీన్ని మిద్దె మీద పెట్టి నీళ్లు నింపు బావా" అన్నాను.

"పగలదు గద" అన్నాడు మెల్లగా.

నేను బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. ఒళ్లు మండిపోతోంది. ఇంకెవరైనా అయితే మల్లాపూర్ చౌరస్తా దాకా వినపడేటట్టు తిట్టేదాన్ని. కానీ ఆయన ఆ పొరలు వేసింది బోర్డుకు కాదని, నా మోకాలికని నాకు అర్థమైంది. అర్థమయ్యాక తిట్టడం ఇంకా కష్టం. లోపలికి పోయి, సరే తీసుకుపోదాం, నీళ్లలో చూద్దాం అన్నాను. బావ సంబరంగా దుప్పట్లు చుట్టించాడు.

చలికాలం సెలవుల్లో రుషికొండలో దించాం. మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో తట్టి, దీని మీద భీమిలి దాకా చేపల బుట్టలు పట్టుకుపోవచ్చునండి అని మాత్రం అన్నాడు. ఇద్దరు మోసుకుపోయి నీళ్లలో వేశారు. ఎక్కాను. ఎట్లా ఉందని చెప్పను? గచ్చు మీద నిలబడ్డట్టే ఉంది. చిన్న అలలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. ఒక్కొక్కటీ నా కింద నుంచి పోతోంది, బోర్డు కొంచెం లేచి మళ్లీ అక్కడే దిగుతోంది. భుజాలు పడిపోయేటట్టు తెడ్డు వేశాను. ఎనిమిది అలలు పోయాయి. ఒక్కదాన్నీ అది అందుకోలేదు. ఒడ్డున బావ బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. పాపం, నేను పడలేదని ఆయనకు మస్తు సంతోషం.

వెనక్కి వచ్చాను. మాస్టారు తన బోర్డు నీళ్లలో పెట్టాడు. అది కూడా ఎక్కాను. కాళ్లు వణికాయి. వణకనీ అనుకుని తెడ్డు వేసుకుంటూ పోయాను. నడుము ఎత్తు అల ఒకటి నున్నగా వచ్చింది. తోక లేచింది, రెండుసార్లు తెడ్డు వేశాను, వణుకు ఆగింది. ఈసారి నాలుగు క్షణాలు కాదు, చాలా సేపు. కింద ఇసుక వెనక్కి పోవడం కనిపిస్తోంది. సంతోషం పట్టలేక ఒక అడుగు ముందుకు వేశాను. అది మాత్రం నా పొరపాటే. ముక్కు నీళ్లలో దిగింది, నేను పల్టీ కొట్టి పడ్డాను.

ఏమీ తగల్లేదు. ఛాతీ లోతు నీళ్లు, మెత్తటి ఇసుక. నవ్వుకుంటూ తల పైకెత్తేసరికి మోచేయి కింద ఒక చెయ్యి. బావ ప్యాంటుతో, చెప్పులతో, నీళ్లలోకి పరుగెత్తుకొచ్చాడు. ఈత మర్చిపోయి ఎన్నేళ్లయిందో, ఒక చెప్పు అప్పుడే పోయింది కూడా. ముఖం దవాఖానాలో చూసిన ముఖమే.

"పడ్డవా? మోకాలు ఎట్లున్నది? ఇగ చాలు, ఇంటికి పోదాం పా" అంటూ నన్ను ఒడ్డుకు లాగుతున్నాడు.

నేను చెయ్యి విదిలించుకున్నాను. ఆ తర్వాత జరిగింది నేను అనుకుని చేసింది కాదు.

"ఇయ్యాల పట్టుకుంటవా? ఆ దినం పట్టుకోవాల్సిన బండి హ్యాండిల్ ఇడిశిపెట్టి హెల్మెట్ల ఫోన్ నూకుకుంట కూసున్నవు. ఆపు బావా, ఆపు బావా అని రెండుసార్లు చెప్పిన. ట్యాంకు మూత కోసం నా కాలు ఇరగ్గొట్టినవు. నువ్వే ఇరగ్గొట్టినవు."

చెప్పాను. మూడేళ్ల తర్వాత, ఛాతీ లోతు నీళ్లలో, నలుగురు వింటుండగా చెప్పాను. అల ఒకటి వచ్చి ఇద్దరినీ ఊపింది. ఆయన విరిగిపోతాడని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఆయన విరగలేదు. నా వైపు చూస్తూ నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అవి సముద్రం నీళ్లు కావని నాకు తెలుసు.

"మూడేండ్ల సంది సూస్తున్న, ఎప్పుడు తిడ్తవా అని" అన్నాడు. "పాలోన్ని తిడ్తవు, ఆటోవోన్ని తిడ్తవు. నన్నొక్కన్నే తిట్టకపోతివి. ఇగ నన్ను మనిషిల జమ కడ్తలేవనుకున్న."

నేను దయ అనుకుని చేసింది ఆయనకు శిక్ష అయిందని నాకు ఏనాడూ తట్టలేదు. మనిషిని తిట్టకుండా వదిలేయడం కూడా వెలివేయడమేనని సోషల్ చెప్పే నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత వరస కట్టి తిట్టాను. నీళ్లలో కొంత, ఒడ్డున కొంత. హెల్మెట్ గురించి, చాక్‌పీసు గీతలు తుడిచినందుకు, వంకాయల దగ్గర చెయ్యి పెట్టినందుకు, మూడు పొరలకు ఒక్కో పొరకు ఒక్కోసారి. బావ తల ఊపుతూ విన్నాడు. జేబులోంచి ఫోన్ తీస్తే అందులోంచి నీళ్లు ధారగా కారాయి. దాన్ని చూసి ముందు ఆయనే నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు. గుండెల మీంచి బండ దించినట్టు, ఊపిరి కడుపు నిండా దిగింది.

ఆ సాయంత్రం పాకలో చాయ్ తాగుతూ బోర్డు సంగతి తేల్చేశాం. నీలం బోర్డు పాకలోనే ఉండిపోతుంది. కొత్తగా వచ్చే పెద్దవాళ్లకు, పిల్లల తల్లులకు దాని మీద నిలబడటం నేర్పవచ్చు, ఎన్ని రాళ్లకు తగిలినా పగలదని మాస్టారు సంతోషంగా తీసుకున్నాడు. దానికి బదులుగా తన లాంగ్‌బోర్డు నాకిచ్చాడు, తనకు ఇంకొకటి ఉందట. ఇచ్చేముందు బావ దాన్ని తట్టి చూడబోయాడు. నేను చూశాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాని పొడవు, వెడల్పు, లీటర్లు తాను కూడా ఒకసారి కాగితం మీద రాసుకుంటానన్నాడు, రాసుకోనిచ్చాను. రాసుకుని, నూట నలభై సరిపోతదిలే, నీ బరువుకు లెక్క కరెక్టే అన్నాడు. నాలుగు నెలలుగా నేను చెప్తున్నది అదే! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి నాలుగో కాలు ఒప్పుకున్నాడంటే ఎంత పెద్ద విషయమో ఆయనతో కాపురం చేసినవాళ్లకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున మళ్లీ నీళ్లలోకి దిగాను. అలలు మోకాలి ఎత్తే ఉన్నాయి. నీళ్లలోకి వచ్చేముందు మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను చెయ్యెత్తి పిలిస్తే తప్ప ఆయన రాకూడదు. స్ప్రే, మోకాలి పట్టీ, ఫ్లాస్కు గదిలోనే వదిలేసి వచ్చాం. మొదటిసారి పడినప్పుడు బావ లేచి నిలబడ్డాడు, కానీ అడుగు వేయలేదు. రెండోసారి పడితే కూర్చునే ఉన్నాడు, రెండు పిడికిళ్లలో ఇసుక పట్టుకుని. ఆ తర్వాత రెండు అలలు దొరికాయి, ఒకటి దాదాపు ఒడ్డు దాకా తెచ్చింది. మూడోసారి పడినప్పుడు ఆయన వైపు చూడటం మర్చిపోయాను.

నాలుగోసారి పడటం మాత్రం ఘనంగా పడ్డాను. తెడ్డు ఒకవైపు, నేను ఒకవైపు. ముక్కులోకి, చెవుల్లోకి నీళ్లు. తల పైకి తీసి, కళ్లు తుడుచుకుని ఒడ్డుకు చూశాను. తువ్వాలు మీద ఎవరూ లేరు. మా బావ కాస్త దూరంలో, మక్కకంకులు కాల్చే ఆమె బండి దగ్గర నిలబడి ఉన్నాడు. వీపు నావైపు ఉంది. కంకికి నిమ్మచెక్క ఇంకా కొంచెం రుద్దమని చేత్తో చూపిస్తున్నాడు.

నేను పడింది ఆయన చూడలేదు. నేను బోర్డు దగ్గరికి లాక్కుని, కుడికాలు చాపి కూర్చుని, ఎడమకాలు మీద బరువేసి నింపాదిగా లేచాను.